పన్నెండు రేకుల గొంతు

అతుకులక్కకి ఎవర్నైనా అనుమానించడానికి పెద్ద కారణం అక్కర్లేదు. పాలవాడు నవ్వుతూ పలకరిస్తే ఇవాళ నీళ్ళు ఎక్కువ కలిపాడేమో అనుకుంటుంది. పక్కింటావిడ ఊరికే వచ్చి కూర్చుంటే ఏదో అడగడానికే వచ్చిందనుకుంటుంది, చాలాసార్లు అది నిజమే అవుతుంది కూడా. ఇరవయ్యేళ్ళుగా టార్చి మంటతో రాగిరేకులు అతికే మనిషి కాబట్టి వీధి వీధంతా ఆమెని అలా పిలుస్తుంది. అతికే ముందు ప్రతి రేకునీ వెనక్కి తిప్పి చూడటం ఆమెకి అలవాటు. మనుషుల్ని కూడా అలాగే తిప్పి చూస్తుంది. అది మంచి గుణమా, పాడు గుణమా అని నన్నడక్కండి. ఆ గుణమే లేకపోతే ఈ కథ లేదు.

ఏడాది కిందట వాళ్ళ షెడ్డుకి ఒక శిల్పి వచ్చాడు. సన్నగా, పొడుగ్గా, చొక్కా జేబులో నాలుగు పెన్సిళ్ళతో వచ్చి బల్ల మీద ఒక పెద్ద కాగితం పరిచాడు. కాగితం మీద మెలితిరిగి పైకి లేచిన ఆకారం ఒకటి ఉంది. తలా లేదు, కళ్ళూ లేవు, చేతులూ లేవు.

అక్క మామగారు కళ్ళజోడు ముక్కు మీదికి జార్చుకుని చాలాసేపు చూశాడు. షెడ్డు ఆయనదే. డెబ్బై రెండేళ్ళొచ్చినా సుత్తి దెబ్బ గురి తప్పని మనిషి, నోరు కూడా అంతే.

"ఏంటి బాబూ ఇది, ఊడిపోయిన స్ప్రింగా?"

"శివుడండీ," అన్నాడు శిల్పి.

"ఈ మాట శివుడికి చెప్పి చూడు. ఆయన కూడా నమ్మడు."

"మొత్తం శివుడు కాదండీ, గొంతు ఒక్కటే. సముద్రాన్ని చిలికితే విషం పుట్టింది కదా. దాన్ని మింగకుండా, కక్కకుండా పట్టి ఉంచాడే, ఆ గొంతు."

మామగారు మళ్ళీ కాగితం చూశాడు. ఈసారి ఏమీ అనలేదు. అంటే కొంచెం నచ్చిందని అర్థం.

శిల్పి చెప్పిన పద్ధతి విచిత్రంగా ఉంది. పన్నెండు రాగిరేకులు కావాలి. వాటికి రంగు వెయ్యడు, మెరుగు పెట్టడు. కాలువ మొదలయ్యే గేటు దగ్గర్నుంచి అది సముద్రంలో కలిసే మలుపు దాకా పన్నెండు చోట్ల నీళ్ళలో వేలాడదీస్తాడు. ఏడాది తర్వాత తీస్తాడు. నీళ్ళు వాటి మీద ఏం రాస్తే అదే శిల్పం. మొదటి రేకు కింద పాదం దగ్గర, పన్నెండోది పైన పెదవి దగ్గర. వరస తప్పకూడదు.

అక్కకి అప్పుడే చెవులు నిక్కబొడుచుకున్నాయి. ఎందుకంటే ఆరో చోటుకీ ఏడో చోటుకీ మధ్యలో రంగుల మిల్లు ఉంది.

మిల్లు కాలువలోకి ఏం వదుల్తోందో ఊళ్ళో అందరికీ అనుమానమే, ఒక్కరి దగ్గరా రుజువు లేదు. మిల్లు గోడ మీద మాత్రం 'శుద్ధి చేసిన నీరు' అని అడుగెత్తు అక్షరాల బోర్డు ఉంది. అధికారులు సీసాలు పట్టుకుని వచ్చే రోజు ముందే తెలిసిపోతుంది కాబట్టి ఆ రోజు కాలువ అద్దంలా ఉంటుంది. సీసా వస్తుంది, పోతుంది. రేకు అలా కాదు కదా, ఏడాది పొడుగునా అక్కడే వేలాడుతుంది. దానికి ముందుగా చెప్పి మేనేజ్ చేసేవాడెవడూ ఉండడు.

ఇంకో సంగతి కూడా ఉంది, అక్కకి అసలు సంగతి అదే. మామగారు యాభై ఏళ్ళుగా రోజూ పొద్దున్నే కాలువలో ఈత మెట్ల దగ్గర ఈదుతాడు. రెండేళ్ళ నుంచి ఆయన కాళ్ళ మీద పుళ్ళు. మానినట్టే మాని మళ్ళీ లేస్తాయి. డాక్టరేమో షెడ్డులో ఆమ్లం తొట్టి వల్ల అంటాడు. అక్కేమో కాలువ వల్ల అంటుంది. మామగారు ఇద్దర్నీ కొట్టిపారేస్తాడు.

"యాభై ఏళ్ళుగా నన్ను మోస్తున్న నీళ్ళు నన్నేం చేస్తాయే? నువ్వు నీళ్ళని కూడా అనుమానిస్తావు."

ఆయన మాట వినే మనిషి కాదు, కానీ లోహం మాట వింటాడు. రాగి మీద కనబడితే నమ్ముతాడు. అందుకే ఆ ఏడాదంతా అక్క కళ్ళలో వత్తులు వేసుకుని ఎదురుచూసింది.

రేకులు తీసే రోజు వచ్చింది. మొదటి రోజు శిల్పితో అక్క కూడా పడవెక్కింది. తీసిన ప్రతి రేకూ బురద ముద్దే. దానికి కట్టిన నంబరు బిళ్ళని వేలితో తుడిస్తే గానీ అంకె కనబడదు. మిల్లు దాటాక నడక వంతెన కింద ఏడో రేకు తీస్తుంటే దాని మూల ఆమె బొటనవేలుని గ్లౌజుతో సహా కోసింది. మూలని ఎవరో కొరికినట్టు ఉంది. కుళ్ళిన గుడ్డు వాసన. అక్కడితో అక్క వేలికి గుడ్డ చుట్టుకుని ఇంటికొచ్చేసింది. మిగతా అయిదూ మర్నాడు శిల్పి ఒక్కడే పడవ మనిషితో వెళ్ళి తెచ్చాడు.

అక్క భర్త రంగుల మిల్లులోనే పంపుల సెక్షన్లో పని చేస్తాడు. చిన్నప్పుడు తండ్రి దగ్గర రాగిపని నేర్చుకుని, పెళ్ళయ్యాక వదిలేసి మిల్లులో చేరాడు. ఆ వారం అతనికి సెలవు రోజొచ్చింది. "నువ్వు చెయ్యి కోసుకున్నావుగా, నేను కడుగుతాలే," అని పైపు పట్టుకుని పన్నెండు రేకుల్నీ తనే కడిగాడు. ఎన్నేళ్ళకి ఈయన షెడ్డులో కాలు పెట్టాడని అక్క మురిసిపోయి టీ కూడా పెట్టిచ్చింది. అనుమానపు మనిషి కూడా ఒక్కోసారి ఇలా పప్పులో కాలేస్తుంది.

మర్నాడు రేకుల్ని షెడ్డు నేల మీద వరసగా పరిచారు, ఒకటి నుంచి పన్నెండు. చూస్తే ఏముంది, బొంత. ఒకటి నల్లగా, పక్కది పచ్చగా, దాని పక్కది మచ్చలు మచ్చలుగా. ఒక చివర్నుంచి ఇంకో చివరికి ఒక పోలికా లేదు, ఒక క్రమమూ లేదు.

మామగారు స్టూలు మీంచి వంగి చూశాడు. "శివుడికి తామర పట్టినట్టుంది," అన్నాడు. తర్వాత అక్క వైపు తిరిగి, "చూశావా, మిల్లుకి పైనా నలుపే, కిందా పసుపే. ఇంక ఆ నీళ్ళని ఆడిపోసుకోకు."

అక్క ఆ మాట సగమే వింది. ఆమె కళ్ళు రెండో రేకు మీద ఉన్నాయి. దాని మూలని ఎవరో కొరికినట్టు ఉంది. ఆమె వంగి ఆ మూల పక్కన తన బొటనవేలు పెట్టి చూసుకుంది. గాయం ఇంకా మానలేదు. ఇది ఏడోది, సందేహమే లేదు. మిల్లుకి చాలా పైన, చేపలు కనబడే నీళ్ళలో వేలాడిన రెండోది కాదిది.

"సార్, ఈ నంబర్లు సరిగ్గానే ఉన్నాయా?" అంది శిల్పితో.

శిల్పి ఆమె మొహంలోకి తిన్నగా చూశాడు. ఆ చూపు అక్కకి నచ్చలేదు. "ఎలా ఉన్నాయో అలాగే అతికేయండి," అన్నాడు.

"మీరు కావాలన్నది ఇదేనా?"

"నీళ్ళు రాసింది మనం మార్చకూడదు కదా."

చాలా నెమ్మదిగా అన్నాడు. ఏడాది పాటు వరస, వరస అని ప్రాణం తీసిన మనిషి ఇప్పుడు వరస చెడితే చీమ కుట్టినట్టయినా లేదు. షెడ్డు తాళంచెవి ఒకటి అతని దగ్గర కూడా ఉంది. పట్టుబట్టి అడిగి మరీ తీసుకున్నాడు. అక్క బుర్రలో టకటకా అన్నీ కలిసిపోయాయి. శిల్పం నిలబెట్టేది నీళ్ళ ఆఫీసు తోటలోనే అయినా, క్రేను ఇచ్చేది మిల్లు, దిమ్మె కట్టించేది మిల్లు, కింద పేరు చెక్కించుకునేది మిల్లు. మేనేజరు మొన్నామధ్య వచ్చి, "శివుడి గొంతు, చాలా బాగుంది, జనానికి మంచి సెంటిమెంటు," అని వెళ్ళాడు. ఇంకేం, గీతలు గీసేవాణ్ణి కొనేశారన్నమాట.

ఆ మధ్యాహ్నం ఆమె అనుమానానికి కాళ్ళొచ్చాయి. అతుకుకి పూసే వెలిగారం కొనడానికి పెద్ద వీధిలోకి వెళితే, మందుల షాపు ముందు ఆగిన మేనేజరు కారులోంచి శిల్పి దిగుతున్నాడు. దిగి, వంగి, లోపలివాళ్ళకి ఏదో చెప్పి నవ్వాడు కూడా. అక్కకి ఒళ్ళు మండిపోయింది. వెలిగారం సంగతి మర్చిపోయి అతని వెనకే నడిచింది. రెండు సందులు తిరిగి, మూడంతస్తుల మెట్లెక్కి, అతను గది తలుపు వేసుకోబోతుంటే చెయ్యి అడ్డం పెట్టింది.

"ఎంత చక్కగా నవ్వుతున్నారు సార్ కారులో ఉన్నవాళ్ళతో!"

శిల్పి ఉలిక్కిపడ్డాడు. గది చిన్నది. మంచం మీద కూడా కాగితాలే. గోడకి అతికించిన పెద్ద బొమ్మలో ఆ గొంతు కింద లేత రంగుతో మొదలై, పైకి పోయేకొద్దీ ముదిరి, సరిగ్గా గొంతు దగ్గర కాటుకలా నల్లబడింది. అక్క ఆ బొమ్మ వంక చూసింది. రేకులు సరైన వరసలో ఉంటే ఎలా ఉండాలో అలాగే ఉంది.

"ఇది ముందే గీసుకున్నారు. ఇలా రావాలని మీకు ముందే తెలుసు. మరి ఇవాళ ఆ బొంత చూసి నోరెందుకు మెదపలేదు? ఎవరు మూశారు మీ నోరు?"

"అదే మిమ్మల్ని అడుగుదామనుకుంటున్నాను," అన్నాడు శిల్పి.

"నన్నా?"

"మేనేజరు నన్ను పిలిచింది ఈ నంబర్లకి ఏమైనా అర్థం ఉందా అని కనుక్కోవడానికి. ఏం లేదు, డిజైనంతే అని అబద్ధం చెప్పి, పిచ్చి నవ్వు నవ్వి బయటపడ్డాను. రేకులు మార్చింది నేను కాదు. నేను మార్చకపోతే ఇంకెవరు? రేకులున్నది మీ షెడ్డులో. మీ ఆయన మిల్లులో. అందుకే అలాగే అతికేయమన్నాను. మీరు అడ్డం చెప్తారా, తలూపి అతికేస్తారా చూద్దామని."

"అంటే నన్ను పరీక్ష పెట్టారా?"

"తాళంచెవి అడిగింది కూడా మీ షెడ్డు మీద ఓ కన్నేసి ఉంచడానికేనండీ."

అక్కకి కోపం నషాళానికంటింది. ఊరందర్నీ ఆమె అనుమానించవచ్చు గానీ ఆమెని ఒకడు అనుమానించడమేమిటి? నాలుగు తిట్టి వచ్చేద్దామనుకుంది. కానీ 'మీ ఆయన' అన్న మాట ఒకటి లోపల ఎక్కడో దిగి కూర్చుంది.

"ఫోటోలు తియ్యలేదా సార్ మీరు?" అంది గొంతు తగ్గించి.

"తీశాను. చూడండి, పన్నెండు బురద ముద్దలు. ఏది ఏదో తీసిన నాకే తెలీదు."

ఆమె తిన్నగా షెడ్డుకి వచ్చి తలుపు దగ్గరగా వేసి నేల మీద కూర్చుంది. కొరికినట్టున్న రేకుని ఒళ్ళో పెట్టుకుని, దానికి బిళ్ళని కట్టిన తీగ చూసింది.

మామగారి షెడ్డులో తీగ కట్టడానికి ఒక పద్ధతి ఉంది. మూడు మెలికలు కుడికి తిప్పాలి, కొస లోపలికి మడవాలి, ఎవరి వేలూ గీరుకోకూడదు. బయటివాళ్ళెవరూ అలా కట్టరు. రెండు మెలికలేసి కొస గాలికి వదిలేస్తారు. ఈ తీగకి మూడు మెలికలున్నాయి. కొస ముద్దుగా లోపలికి మడిచి ఉంది. షెడ్డు మనిషి కట్టిందే. కానీ మెలిక ఎడమకి తిరిగింది.

అక్క ఇంకో రేకు తీసింది. ఎడమకే. ఇంకోటి. అదీ ఎడమకే. పన్నెండూ ఎడమకే.

ఆ షెడ్డులో పని నేర్చుకున్నవాళ్ళలో ఎడమచేతి వాటం ఒక్కడిదే. చిన్నప్పుడు మెలిక ఎడమకి తిప్పినందుకు తండ్రి చేత తిన్న మొట్టికాయల గురించి అతనే నవ్వుతూ చెప్పేవాడు పెళ్ళైన కొత్తలో. అనుమానం నిజమైతే ఎప్పుడూ కాస్త గర్వం ఉండేది ఆమెకి, చూశారా నేను చెప్పలేదూ అని. ఇవాళ అది రాలేదు. ఏడుపొచ్చింది.

నాలుగింటికి మొదటి షిఫ్టు దిగి భర్త ఇంటికొచ్చేసరికి వంటింటి బల్ల మీద తీగతో సహా ఒక నంబరు బిళ్ళ ఉంది. అతను దాన్ని చూశాడు. చూడనట్టు వెళ్ళి కుళాయి దగ్గర చేతులు కడుక్కున్నాడు. మోచేతుల దాకా సబ్బు రాసి, కడిగి, మళ్ళీ రాశాడు.

"చేతులు అరిగిపోతాయి, ఇక రండి," అంది అక్క.

వచ్చి కూర్చున్నాడు.

"ఎవరు కట్టారిది?"

"ఏదో కడిగేటప్పుడు ఊడిపోతే..."

"పన్నెండూ ఊడిపోయాయా? నేనేమన్నా చెవిలో పువ్వు పెట్టుకున్నానా? మేనేజరు చెప్పాడా మార్చమని?"

"లేదు. వాళ్ళకి రేకుల సంగతే సరిగ్గా తెలీదు. ఎవరూ చెప్పలేదు."

"మరెందుకు మార్చారు?"

అతను ఆ బిళ్ళని వేళ్ళతో అటూ ఇటూ తిప్పాడు. "నీళ్ళు శుద్ధి చేసే ట్యాంకు మోటారు కాలిపోయి రెండేళ్ళయింది. రేపు బాగుచేస్తాం, ఎల్లుండి బాగుచేస్తాం అన్నారు. అందాకా తిన్నగా కాలువలోకి వదలమన్నారు. ఆ వాల్వు నా చేతిలోనే ఉంటుంది. రోజూ షిఫ్టు మొదలవగానే తిప్పేది నేనే."

అక్క బల్లని రెండు చేతులా పట్టుకుంది. "మామయ్య కాళ్ళు..."

"తెలుసు."

"ఏం తెలుసు?"

"మొదటి పుండు లేచినప్పుడే తెలుసు. ఈదొద్దు నాన్నా అని ఎన్నిసార్లు చెప్పాను? నువ్వూ విన్నావుగా."

"ఎందుకు వద్దో చెప్పారా?"

అతను బిళ్ళని బల్ల మీద పెట్టేశాడు. రెండేళ్ళుగా రోజూ సాయంత్రం తండ్రి కాళ్ళు ఒళ్ళో పెట్టుకుని మందు రాసేది ఇతనే. అది చూసి కొడుకంటే ఇలా ఉండాలని వీధంతా అనుకుంది, అక్క కూడా అనుకుంది. శివుడు విషాన్ని గొంతులో దాచి లోకాన్ని బతికించాడట. ఈయన గొంతులో దాచుకున్నది మాటని. విషం మాత్రం కాలువకి వదిలేశాడు. తప్పు చేసినవాడు కసాయివాడైతే తిట్టి పోయొచ్చు. ఇంత మెత్తటి మనిషిని ఏం చెయ్యాలో ఆమెకి తోచలేదు.

"మీ నాన్న రాగి మీద చూస్తే నమ్ముతాడని మార్చారు. అంతేనా?"

"నమ్మితే ఎవరు వదిలారని అడుగుతాడు," అన్నాడు అతను.

అప్పుడు అక్కకి అసలు చిక్కు తట్టింది. వరస ఇప్పుడు ఎవరికీ తెలీదు. ఏడోది ఒక్కటే తనకి తెలుసు. మిగతా పదకొండు రేకులు ఎక్కడివో చెప్పగలిగినవాడు ఈ లోకంలో ఒక్కడే, వాటిని కలిపేసినవాడు.

"గుర్తున్నాయా?"

"అన్నీ గుర్తున్నాయి. మర్చిపోదామన్నా పోవు."

"మీరు చెప్పింది నిజమని నేనెలా నమ్మాలి?"

"నమ్మమని నేనడగలేదే."

"సరే. రేపు పొద్దున్న షెడ్డులో పేర్చండి. నా ముందు కాదు, మామయ్య ముందు."

మర్నాడు ఏడింటికి నలుగురూ షెడ్డులో ఉన్నారు. మామగారు అప్పుడే ఈదొచ్చి స్టూలు మీద కూర్చున్నాడు. జుట్టు ఇంకా తడిగా ఉంది, భుజం మీద తువ్వాలు. "ఏంటి, అందరూ పెళ్ళిచూపులకి వచ్చినట్టు నిలబడ్డారు?" అన్నాడు. శిల్పి గోడకి ఆనుకుని నిలబడి అక్క వైపు, ఆమె భర్త వైపు మార్చి మార్చి చూస్తున్నాడు. అతనికి ఇంకా ఎవరి మీదా నమ్మకం కుదర్లేదు.

మిల్లు చొక్కా వేసుకునే వచ్చాడు భర్త. ఎనిమిదింటికి షిఫ్టు. వంగి ఒక్కొక్క తీగే విప్పి బిళ్ళలన్నీ డబ్బాలో పడేశాడు.

"అవెందుకు తీస్తున్నావురా?" అన్నాడు తండ్రి.

"తప్పు కట్టాను నాన్నా. మళ్ళీ పేరుస్తాను."

లేత గోధుమ రంగు రేకు ఒకటి తీసి మొదట పెట్టాడు. "ఇది గేటు దగ్గరది." దాని పక్కన కాస్త పచ్చబారింది. "ఇది తోట వెనకది." అక్క కళ్ళు అతని చేతుల్ని వదల్లేదు. ఏ రేకు దగ్గర చెయ్యి తడబడుతుందా అని చూస్తోంది. తడబడలేదు. మూడు, నాలుగు, అయిదు, ఆరు. అన్నీ ఒకే తల్లి పిల్లల్లా ఉన్నాయి. శిల్పి గోడ వదిలి ముందుకొచ్చాడు.

"ఇది ఏడు. నడక వంతెన కింద." మూల కొరికిన రేకు. అది నిజమే, అక్కకి తెలిసిన ఒకే ఒక్క నిజం. అయినా ఆమెకి అది చాలలేదు. తనకి ఏడోది తెలుసని అతనికి తెలుసు కాబట్టి దాన్ని సరిగ్గానే పెడతాడు. అబద్ధం చెప్పాలనుకుంటే మిగతావాటిలో చెప్తాడు.

ఎనిమిదోది నల్లగా ఉంది. తర్వాత ఒక రేకంత జాగా వదిలి పది, పదకొండు, పన్నెండు పెట్టాడు. అవి నలుపులోంచి మళ్ళీ బూడిద రంగులోకి దిగాయి, సముద్రం దగ్గరపడిందేమో. తొమ్మిదో చోటు ఖాళీ. మిగిలిన రేకు ఒక్కటే, అది గోడకి బోర్లా ఆనించి ఉంది. నిన్నటిదాకా దానికున్న బిళ్ళ మీద అంకె ఒకటి. ఒకటో రేకంటే పాదం, పాదం సగం దాకా సిమెంటు దిమ్మెలోకి వెళ్ళిపోతుంది. అందుకే దాన్ని ఒకటి చేశాడని అక్కకి అప్పుడు అర్థమైంది.

అతను దాన్ని ఎత్తాడు. కిటికీ వెలుతురు రేకులోంచి ఇవతలికి వచ్చింది. జల్లెడ, నేల మీద పరిచినప్పుడు మచ్చల్లా కనబడ్డవన్నీ చిల్లులే. మిల్లు పక్కన వేలాడిన ఏడోది కూడా ఇలా లేదు. అక్క ఇప్పటిదాకా అన్నిటికంటే పాడైంది ఏడోదే అనుకుంది. అతను ఈ రేకుని ఏడోదాని పక్కనో, ఇంకెక్కడో పెట్టి ఏ పేరు చెప్పినా కాదనే దిక్కు అక్కడ లేదు.

రెండు చేతుల్తో పట్టుకుని అలాగే నిలబడ్డాడు. తర్వాత తొమ్మిదో చోట పెట్టాడు.

"ఇది ఈత మెట్ల దగ్గరది, నాన్నా. అక్కడ నీళ్ళు మలుపు తిరిగి ఆగుతాయి. మిల్లులోంచి వచ్చిందంతా అక్కడే దిగుతుంది."

మామగారు తువ్వాలుతో తల తుడుచుకుంటున్నవాడల్లా ఆగాడు. స్టూలు మీంచి లేచి వచ్చి, వంగి, రేకు చిల్లులో వేలు పెట్టి చూశాడు. వేలు అవతలికి వెళ్ళింది.

"రాగికే ఇలా అయిందా," అన్నాడు. తర్వాత పంట్లాం అంచు కొంచెం ఎత్తి తన కాళ్ళ వంక చూసుకుని మళ్ళీ దించేశాడు. "వదిలేదెవరు?"

"నేనే."

"ఎప్పట్నుంచి?"

"రెండేళ్ళు."

ముసలాయన తిడతాడని, చెయ్యెత్తుతాడని అక్క అనుకుంది. ఎత్తితే బాగుండునని కూడా అనుకుంది. ఆయన తువ్వాలు మడిచి మళ్ళీ భుజం మీద వేసుకున్నాడు.

"డ్యూటీకి టైమవుతోంది, వెళ్ళు," అన్నాడు కొడుకుతో. "ఇవాళ నేను మీ పైపు కిందే ఈదుతాను. వాల్వు తిప్పే ముందు ఒక కేక వెయ్యి."

మిల్లు సైరన్ మోగింది. కొడుకు కదల్లేదు. ఆ చొక్కాతోనే తొమ్మిదో రేకు పక్కన నేల మీద కూలబడి, దాన్ని ఎనిమిదోదాని అంచుకి ఆనించి పట్టుకున్నాడు. రేకు ఇసుమంత కూడా కదల్లేదు.

"ముందు అదే అతికేయమ్మా," అన్నాడు మామగారు. "మళ్ళీ ఎవరూ మార్చకుండా."

అక్క డబ్బా అడుగున మిగిలిన వెలిగారం పూసి టార్చి అంటించింది. ఒక కన్ను మంట మీద, ఒక కన్ను మొగుడి చేతుల మీద వేసి అతకడం మొదలుపెట్టింది.